ఫోన్‌లో నిన్నటి పూలు

ఆ రోజు నా క్యారియర్ రాలేదు.

ఒంటిగంట దాటింది, ఒంటిగంటన్నర అయింది, రాలేదు. ఢిల్లీలో, జియా సరాయ్‌లో తెలుగు మెస్ నడిపే ఆవిడ నాలుగేళ్లుగా నాకు మధ్యాహ్నం భోజనం పంపిస్తోంది. జనవరి పొగమంచుకి విమానాలు ఆగిపోయిన రోజున కూడా ఆ క్యారియర్ ఆగలేదు. పొద్దున్నే వాయిస్ మెసేజి పెట్టాను, పెరుగు వద్దమ్మా, చారు కాస్త ఎక్కువ పంపు అని. జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆకలి మనిషిని తర్కానికి చాలా తొందరగా దూరం చేస్తుంది. కోపంగానే చెప్పులు వేసుకుని బయల్దేరాను.

నేను అశోకా రోడ్ దగ్గర ఒక ప్రభుత్వ కార్యాలయంలో అనువాదకుడిగా పనిచేసి రిటైరయ్యాను. అంతకు చాలా ముందు, మీసాలు మొలుస్తున్న వయసులో, మా ఊరి గ్రంథాలయంలో ఆదివారాలు జరిగే హేతువాద చర్చల్లో మాట్లాడటం నేర్చుకున్నాను. జాతకాలు, ముహూర్తాలు, బాబాలు, తాయెత్తులు, ఆడపిల్లల చదువు, కులం. మేం వాదించని విషయం లేదు. ఆ చర్చలకు ఒక నియమం ఉండేది. ఎదుటి మనిషి వాదాన్ని ముందు మనమే చెప్పాలి. ఆ మనిషి ‘అవును, నేనన్నది ఇదే’ అని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ఖండించాలి. సగం గొడవలు ఆ నియమం దగ్గరే తీరిపోయేవి. తర్వాత వ్యాసాల్లో పడ్డాక నాకు ఆ నియమం అలవాటు తప్పింది. వ్యాసంలో ఎదుటి మనిషి ఉండడు కదా, ఎవరు ఒప్పుకోవాలి? వ్యాసాలు రాశాను, ఉపన్యాసాలిచ్చాను. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఆ ఉపన్యాసాల్ని వీడియోలు తీసి తెలిసినవాళ్లందరికీ పంపడం మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున్న ఒకటి, తప్పకుండా.

మెస్ అంటే మొదటి అంతస్తులో ఒక పెద్ద గది, దాన్ని ఆనుకుని వంటిల్లు. కింద జిరాక్సు దుకాణం, తలమీద కరెంటు తీగల చిక్కు. పైకి వెళ్లేసరికి ఆవిడ వంటింట్లో బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని చూస్తోంది. ఆమెది గోదావరి జిల్లా. నలభై ఏళ్లుంటాయి. భర్త నోయిడాలో ఒక ఆఫీసులో లిఫ్టు దగ్గర పనిచేస్తాడు. గడప దగ్గర బల్ల మీద కరీంనగర్ అమ్మాయి ఒకతె ఆలస్యంగా అన్నం తింటోంది. సివిల్స్ మూడోసారి రాస్తోంది. నా వీడియోలు చూసి, చూసిన ప్రతిదాంట్లోనూ ఒక తప్పు పట్టే మనిషి.

“నా క్యారియర్ ఏదమ్మా?” అన్నాను.

“అయ్యో మాస్టారూ! మీ మెసేజి తెరుచుకోలేదండీ. ఎవరిదీ తెరుచుకోవట్లేదు. గుండ్రంగా తిరుగుతుందంతే. ఈ గొడవలో ఫోనూ ఎత్తలేదు, క్యారియరూ మరిచిపోయాను.”

“పొద్దుగాల సంది గిదే కథ సార్,” అంది కరీంనగర్ అమ్మాయి. “నేను చపాతీలు పెట్టమని మెసేజి పెడితే ఆంటీ ఉప్మా పంపింది. ఎవరికి ఏమొస్తదో లాటరీ.”

“నువ్వుండవే తల్లీ,” అని ఆవిడ నా వైపు తిరిగింది. ముఖం చూస్తే నా చారు సంగతి నేనే మరిచిపోయాను. “నాలుగింటికి వీడియో అండీ మాస్టారూ. యాప్ దించుకోమన్నారు. దించుకుందామంటే జాగా లేదంటుంది ఫోను.”

ఆ వీడియో సంగతి నాకు తెలుసు. దరఖాస్తులో ఇంగ్లీషు నేనే దిద్దాను. ఇళ్లకు భోజనం చేర్చే ఒక ఆన్‌లైన్ కంపెనీలో ఆమె తన మెస్‌ని నమోదు చేయించుకుంటోంది. ఆఖరి మెట్టు ఇదే. వాళ్ల మనిషి ఆమె ఫోన్‌లోంచి వంటిల్లంతా చూస్తాడు, యజమాని ఎవరో అడిగి రాసుకుంటాడు. ఈ రోజు నాలుగింటికి తప్పితే మళ్లీ వరస రావడానికి మూడు నెలలు.

“దీనికింత కంగారెందుకు? సిమ్ తీసి నా ఫోన్‌లో వేద్దాం,” అన్నాను.

“వద్దండి.” ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. “ఒకసారి వేరేవాళ్ల ఫోన్‌తో పెట్టి చూశాను. చాలు.”

నిజమే. రెండేళ్ల కిందట ఇదే కంపెనీలో చేరినప్పుడు ఆమె దగ్గర బటన్ల ఫోనుండేది. మరిది ఫోన్ వాడారు. ఫోన్ ఎవరిదైతే మెస్ వాళ్లదని కంపెనీ రాసుకుంది. ఏడాది తిరిగేసరికి మరిది ఫరీదాబాద్ పోయి, అదే పేరుతో సొంతంగా హోటలు పెట్టుకున్నాడు. ఆమె చేసిన గోంగూర పప్పుకి జనం ఇచ్చిన నక్షత్రాలన్నీ అతని వెంట వెళ్లిపోయాయి. కంపెనీని అడిగితే రికార్డులో మీ పేరు లేదన్నారు. తెల్లవారుజామున లేచి పొయ్యి దగ్గర నిలబడిన మనిషి పేరు ఎక్కడా లేదు. అందుకే ఈసారి ఆమె ఫోను, ఆమె నంబరు, ఆమె పేరు.

“అయితే ఈ ఫోన్‌లోనే జాగా చేద్దాం,” అన్నాను. “ఇలా ఇవ్వు.”

ఫోన్ని శుభ్రం చేసే యాప్ ఒకటుందని నేనెక్కడో ప్రకటన చూశాను. ఆమె కూతురు ఆడుకునే ఆట ఒకటి తీసేసి, ఆ కాస్త చోటులో దాన్ని దించాను. తెర మీద ఒక రాకెట్ ఎగిరింది. ఆకుపచ్చ చక్రం తిరిగింది. ‘మీ ఫోన్ ఇప్పుడు కొత్తదానిలా ఉంది’ అని రాసి చూపించింది. వెంటనే చీరల ప్రకటన ఒకటి, అప్పుల ప్రకటన ఒకటి వచ్చి పడ్డాయి. జాగా చూస్తే ఇంతకుముందుకన్నా తగ్గింది.

కరీంనగర్ అమ్మాయి చెయ్యి కడుక్కుని వచ్చి నా భుజం మీదుగా చూసింది.

“సార్, మొన్న వీడియోల తాయెత్తుల గురించి చెప్పిండ్రు గదా. దారం కట్టుకుంటే రోగం పోతదా, ఎట్ల పోతదో అడగరా అని గట్టిగ తిట్టిండ్రు. మరి గిదేంది? ఫోనుకు కట్టిన తాయెత్తే గద!”

తప్పు పట్టుకుంటే ఇలా పట్టుకోవాలి. ఎలా పనిచేస్తుందో అడక్కుండా రాకెట్ బొమ్మ చూసి నమ్మాను. ఆ యాప్ తీసేశాను.

తర్వాత చేయాల్సింది చేశాను. సెట్టింగ్స్‌లోకి వెళ్లి జాగా ఎవరు తింటున్నారో చూశాను. ఫొటోలు. తెరిస్తే పదకొండు వేల పైచిలుకు. అందులో ఆమె తీసుకున్నవి రెండొందలు కూడా లేవు. మిగతావన్నీ దేవుళ్లు. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం దత్తాత్రేయుడు, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకటేశ్వరస్వామి. గులాబీల మధ్య శుభోదయాలు. ఇది పదకొండు మందికి పంపితే సాయంత్రానికి శుభవార్త, పంపకపోతే కీడు. పుట్టింటి గ్రూపు, అత్తింటి గ్రూపు, ఢిల్లీ తెలుగు ఆడవాళ్ల గ్రూపు, ఒకే బొమ్మ మూడింట్లోంచీ మూడుసార్లు వచ్చింది. ఒక కష్టజీవి ఫోన్‌ని ఇంత తేలిగ్గా ఆక్రమించుకోవడానికి ఈ మనుషులకు హక్కెవరిచ్చారు? నాకు మండింది. అన్నిటినీ ఒకేసారి ఎంచి, కింద మూలనున్న గుర్తు మీద వేలు పెట్టబోయాను.

“ఆగండాగండి!” ఆమె గరిటెతో సహా వచ్చి ఫోన్ లాక్కుంది. “ఏం నొక్కుతున్నారు?”

“డిలీట్.”

“ఈ బొమ్మేంటండీ?”

“చెత్తబుట్ట.”

“దేవుణ్ణి చెత్తబుట్టలో వేయమంటారా మాస్టారూ? వంటింట్లో నిలబడి?”

ఇక నేను మొదలుపెట్టాను. ఇవి దేవుళ్లు కావమ్మా, వెలుతురు చుక్కలు. ఎవరో కంప్యూటర్లో గీసి వదిలిన రంగులు. వీటికి ప్రాణం లేదు, మహిమ లేదు. ఇవి నీకేమీ చేయలేవు, చేస్తున్నదల్లా నీ ఫోన్ని నింపడమే. చాలా బాగా మాట్లాడాను. ఉపన్యాసం అయితే చప్పట్లు కొట్టేవాళ్లు.

ఆమె పూర్తిగా విని, “గాజు పగిలిన పటమైతే సందు చివర రావిచెట్టు కింద పెట్టొస్తామండి,” అంది. “పాత క్యాలెండరైతే యమునలో కలుపుతాం. ఈ ఫోన్లో రావిచెట్టెక్కడుందో చూపించండి, ఇప్పుడే పెట్టేస్తాను.”

“కాగితం ముక్కకి ఇంత...”

“మీ అమ్మగారి ఫొటో మీ పర్సులో ఉందని మీరే చెప్పారు. అదీ కాగితమే కదండీ. ఇలా ఇవ్వండి, పొయ్యి అంటిస్తాను.”

చెయ్యి చాపింది కూడా. నా చెయ్యి నాకు తెలియకుండానే జేబు మీదకు వెళ్లింది.

“ఆంటీ ఒకటి, సార్ సున్నా,” అంది కరీంనగర్ అమ్మాయి. గోడగడియారం వైపు చూసి, “టైం రెండూ నలభై,” అని కూడా అంది.

అప్పుడు ఆమె ముఖం చూశాను. గెలిచిన ముఖం కాదది. నాలుగింటికి తన పేరు రాయించుకోవాలని ఎంత ఉందో, ఆ గుర్తు మీద వేలు పెట్టలేకపోవడం కూడా అంతే ఉంది. రెంటి మధ్యా నలిగిపోతోంది. నేనేమో నా వాదం వినిపించాను, ఆమె వాదం ఏమిటో ఒక్కసారీ అనుకోలేదు. మా గ్రంథాలయం బల్ల గుర్తొచ్చింది. ఆ బల్ల దగ్గరైతే నన్ను ఈపాటికి కూర్చోబెట్టేసేవాళ్లు.

బకెట్ మీద నేనే కూర్చున్నాను.

“సరేనమ్మా. ఇప్పుడు నీ మాట నేను చెబుతాను. తప్పుంటే దిద్దు.”

“చెప్పండి.”

“ఈ బొమ్మలే దేవుడని నువ్వనడం లేదు.”

“అనట్లేదండి.”

“వీటిని రోజూ చూడవు కూడా.”

“ఎక్కడ చూస్తానండీ, పప్పు మాడిపోద్ది.”

“తీసేస్తే పాపం తగులుతుందని భయమా అంటే, అంత భయమూ లేదు. కాని పంపినవాళ్లు నీ మేలు కోరి పంపారు. బొమ్మలో ఉన్నది నువ్వు దండం పెట్టుకునే రూపం. అలాంటిదాన్ని తుక్కుతో కలిపి విసిరేయడం మర్యాద కాదు. ఇంటికొచ్చిన మనిషిని మెడపట్టి గెంటినట్టు ఉంటుంది. అంతేనా?”

ఆమె గరిటె కింద పెట్టింది. “అంతేనండి. భయం కాదు. మర్యాద.”

“అయితే ఖండించడానికి నా దగ్గరేమీ లేదు. మర్యాద తప్పమని నేనెవరికీ చెప్పను. మర్యాదగా తీసే పద్ధతి మీ పద్ధతుల్లో ఏదైనా ఉందా అని అడుగుతాను, అంతే. నాకు తెలియదు. నీకే తెలియాలి.”

ఆమె గూటి వైపు తిరిగింది. వంటింటి గూట్లో చిన్న పటాలున్నాయి. వాటి ముందు ఆ పొద్దున పెట్టిన బంతిపూలు. వాటినే చూస్తూ కాసేపు నిలబడింది. కుక్కర్ ఒక కూత వేసింది. పొయ్యి తగ్గించి వచ్చి, నెమ్మదిగా, ఎవరికో వంట చెబుతున్నట్టు చెప్పింది.

“పొద్దున్నే కొత్త పూలు పెట్టే ముందు నిన్నటి పూలు తీసేస్తానండి. తీయకుండా పెట్టకూడదు. మా అమ్మ గట్టిగా చెప్పేది. దేవుడి మీద నిన్నున్న పూలే, అయినా తీసేస్తాం. అవమానమేం కాదు. వాటి పని నిన్నటితో అయిపోయింది. దాచుకోం కూడా.” ఫోన్ వైపు చూసింది. “ఇవన్నీ నిన్నటి పూలే కదండీ? ఏడాదిన్నర పూలు గూట్లో కుక్కి పెట్టుకున్నాను. ఆయనకే ఊపిరాడి ఉండదు.”

నేను జీవితంలో చాలా వాదనలు విన్నాను. పండితులతో తలపడ్డాను, వేదికల మీద నెగ్గాను, నెగ్గానని పత్రికల్లో రాయించుకున్నాను. అంత శుభ్రమైన వాదన మాత్రం వినలేదు. ఆమె తన నమ్మకాన్ని వదల్లేదు. నేను వదలమనే పని కూడా లేదు. తన ఆచారాన్ని తానే విప్పి చూసుకుంది, అందులో ఉన్న కారణాన్ని బయటికి తీసింది, ఆ కారణంతోనే తన ముడి విప్పుకుంది. మేం ఆదివారాలు గొంతులు చించుకుని సంస్కరణ అన్నది దీన్నే. ఎవరో వచ్చి సంస్కరించడం కాదు. ఆ మాట మా బల్ల మీద చాలాసార్లు అన్నాం. చూడటం మాత్రం నాకు అదే మొదటిసారి. ఆ సంస్కరణ పసుపు మరకల చీర కట్టుకుని, కుక్కర్ పక్కన నిలబడి ఉంది. నాకెంత గర్వమేసిందంటే, ఆకలి కూడా తెలియలేదు.

“జరగండి, నేనే తీస్తాను,” అంది.

ఆమే తీసింది. గ్రూపు తర్వాత గ్రూపు, మొదటి బొమ్మని కళ్లకద్దుకున్నంత పని చేసి, మిగతావాటిని చకచకా. మూడూ పదికి అయిపోయింది. యాప్ నొక్కితే మళ్లీ అదే మాట. జాగా లేదు.

“అన్నీ పోయాయి కదా!” అన్నాను.

“పోలేదు సార్,” అంది కరీంనగర్ అమ్మాయి. “బిన్‌ల ఉన్నయి. నెల రోజులు ఆడ్నే ఉంటయి, మనసు మారితే వెనక్కి తెచ్చుకోనీకి. దాన్ని గూడ ఖాళీ చేయాలె.”

ఆవిడ నవ్వేసింది. “పూలు గూట్లోంచి తీసి గడపలో పోశామన్నమాట.” బిన్ ఖాళీ చేసింది. ఈసారి జాగా పెరిగింది, కాని చాలినంత కాదు. ఇంకా కావాలట.

“వాట్సాప్‌ల ఎవరు ఎక్కువ తింటున్నరో పెద్దగున్నదాన్నుంచి వరసగ చూపిస్తది ఆంటీ. ఆడ చూడు,” అంది అమ్మాయి.

చూశారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ నన్ను చూశారు. ఆ జాబితాలో అన్నిటికన్నా పైన, పుట్టింటి గ్రూపు కన్నా, అత్తింటి గ్రూపు కన్నా పైన, ఒకే ఒక మాట ఉంది. మాస్టారు.

ఏడాదిన్నర ఆదివారాలు. ఒక్కొక్కటి ముప్పావుగంట ఉపన్యాసం.

“దేవుళ్లందరూ కలిసి తిన్నదానికన్నా మీరొక్కరే ఎక్కువ తిన్నారు మాస్టారూ!” ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరీంనగర్ అమ్మాయి అడ్డం కూడా పెట్టుకోలేదు. గోడ పట్టుకుని నవ్వింది.

“మరి ఎందుకు తీయలేదమ్మా?”

“పెద్దవారు పంపారు. తీస్తే మర్యాద కాదని...”

అదే మాట. ఎవరి హక్కు, ఎవరు ఆక్రమించుకున్నారు అని గంట కిందట నేను మండిపడ్డానే, ఆ మనుషుల్లో మొదటివాణ్ణి నేనే. ఆంజనేయుడి పక్కన ఒకే గూట్లో నన్నూ కూర్చోబెట్టింది, అడక్కుండానే.

“అన్నీ విన్నావా?”

“అన్నీ అంటే...” గరిటె అటూ ఇటూ తిప్పింది. “ఒకటి విన్నానండి. ఇంటి తలుపు మీద పలక గురించి చెప్పారు చూడండి. ఆడమనిషి కష్టంతో నిలబడ్డ ఇంటికి కూడా మగాడి పేరు పలకే ఎందుకని. అప్పుడే మా మరిది గొడవ నడుస్తుంది. అదొక్కటి మూడుసార్లు విన్నాను. మర్నాడే మీ దగ్గరకొచ్చి, దరఖాస్తు ఇంగ్లీషు చూసిపెట్టమన్నాను.”

ఆ దరఖాస్తు వెనకాల నా మాట ఉందని నాకు ఆ క్షణం వరకూ తెలియదు. ఏడాదిన్నర ఆదివారాల్లో ఒక్కటి, ఒక్క మనిషికి, సరిగ్గా కావలసిన రోజున చేరింది. ఇంతకన్నా ఏం కావాలి? కాని మనిషి ఆశ చూడండి.

“అయితే మిగతావన్నీ తీసెయ్యమ్మా. అదొక్కటి ఉంచు,” అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. చిన్నపిల్లలు మారాం చేస్తే చూసే చూపు అది.

“ఎందుకండీ? విన్నాను కదా.”

అని, అన్నీ ఎంచి, తీసేసింది. బిన్ కూడా ఖాళీ చేసింది, ఈసారి ఎవరూ చెప్పకుండా.

యాప్ దిగింది. మూడూ ముప్పైఐదు. ఆపకుండా ఇంకో పావుగంట ఆమె పొయ్యిలు తుడిచింది, నూనె డబ్బాలు వరసగా సర్దింది, జుట్టు ముడి వేసుకుని కొత్త ఏప్రన్ కట్టుకుంది. నన్ను మూలకి జరగమంది. సరిగ్గా నాలుగింటికి ఫోన్ మోగింది. తెర మీద ఒక కుర్రాడు, మెడలో ఐడీ కార్డు. హిందీలో చకచకా అడుగుతున్నాడు. నీళ్లెక్కడివి, గ్యాస్ ఎక్కడుంది, కూరగాయలు ఎక్కడ కోస్తారు. ఆమె ఫోన్ తిప్పుతూ ఒక్కొక్కటీ చూపించింది.

“ఠీక్ హై. మాలిక్ కౌన్ హై?” అన్నాడు. యజమాని ఎవరని.

“మైఁ,” అంది, నేనేనని.

ఫోన్ తిరగడంలో మూలనున్న నేను అతనికి కనబడినట్టున్నాను. తెల్లజుట్టు, కళ్లద్దాలు, చేతులు కట్టుకుని నిలబడ్డ మగమనిషి.

“ఔర్ వో పీఛే జో సర్ ఖడే హైఁ?” అన్నాడు. ఆ వెనక నిలబడిన సారు ఎవరని.

ఆమె నా వైపు తిరిగి కూడా చూడలేదు.

“వో? వో తో ఖానా ఖానే ఆయే హైఁ.” అన్నం తినడానికి వచ్చారు, అంది.

కుర్రాడు తలాడించి రాసుకున్నాడు. యజమాని పేరు అడిగాడు. ఆమె చెప్పింది. ఇంటిపేరు మరోసారి అడిగితే ఒక్కొక్క అక్షరం విడదీసి, తొందరలేకుండా, గట్టిగా చెప్పింది. కింద జిరాక్సు దుకాణం దాకా వినబడి ఉంటుంది.

ఆ తర్వాతి ఆదివారం నేనెవరికీ వీడియో పంపలేదు. ఇప్పుడు కావాలని అడిగినవాళ్లకే పంపుతున్నాను. ఆ జాబితా చాలా చిన్నది. అందులో ఆమె లేదు.

ఆ రోజు ఆ కుర్రాడు ఫోన్ పెట్టేశాక ఆమె నా ముందు కంచం పెట్టింది. నాలుగున్నరకి మధ్యాహ్నం భోజనం. చారు రెండుసార్లు వేయించుకున్నాను.